ఒక్క కెరటం: భీమిలి ఒడ్డుని 80 సెంటీమీటర్ల పలక మీద కట్టిన వైనం

ఈ మోడల్లో సముద్రం ఉంది, కానీ విరిగే కెరటం ఒక్కటే. ఇంటికొచ్చి చూసినవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది అదే: "ఇంకో రెండు కెరటాలు పెడితే నిండుగా ఉండేది కదా?" మొదటిసారి ఐదు పెట్టాను. ఆ సముద్రాన్ని మొత్తం పీకేసి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని భీమిలి ఒడ్డున నిలబడ్డాక గానీ నా పలక మీద ఒక్కటే ఎందుకు పడుతుందో తెలియలేదు. ఆ మధ్యలో జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను. తీరప్రాంతపు డయోరామా (ఒక దృశ్యాన్ని చిన్న స్కేల్లో కట్టే మోడల్) కట్టాలనుకునేవాళ్లకి నా ఎనిమిది నెలల ఆదివారాలు ఎంతో కొంత పనికొస్తాయి.

ముందు వివరాలు. స్కేలు 1:50. నిజంలో ఒక మీటరు నా పలక మీద రెండు సెంటీమీటర్లు. పలక 80 × 50 సెంటీమీటర్లు, అంటే 40 × 25 మీటర్ల నేల. చోటు విశాఖపట్నానికీ భీమిలికీ మధ్య ఎర్రమట్టి దిబ్బల దగ్గరి ఒడ్డు. కాలం 1985 ప్రాంతం, సంక్రాంతి వెళ్లిన వారం, పొద్దున్న ఏడు గంటల వేళ. ఒక కుట్టు పడవ, అలివి వల (ఒడ్డు మీద నిలబడి లాగే పెద్ద వల) తాడు లాగుతున్న తొమ్మిది మంది, మూడు తాడిచెట్లు, వెనక ఎర్రటి గట్టు. అంతే సరంజామా.

మామూలుగా మోడళ్లు కట్టేవాళ్లు 1:35 గానీ 1:72 గానీ తీసుకుంటారు. ఆ సైజుల్లో మనుషులూ బండ్లూ కిట్లుగా దొరుకుతాయి. కానీ నాకు కావలసిన మనిషి, గోచీ కట్టి, తలకి తువ్వాలు చుట్టి, మడమలు ఇసుకలో తన్ని తాడు లాగే మనిషి, ఏ కిట్టులోనూ రాడు. అన్నీ చేత్తో చేసుకోవాల్సినప్పుడు లెక్క సులువుగా ఉండే స్కేలే మేలు. 165 సెంటీమీటర్ల మనిషి 33 మిల్లీమీటర్లు, తొమ్మిది మీటర్ల పడవ 18 సెంటీమీటర్లు. కాలిక్యులేటర్ తీయక్కర్లేదు.

ఈ చోటే ఎందుకంటే, మా అమ్మమ్మగారిది భీమిలి. చిన్నప్పుడు సెలవుల్లో పొద్దున్నే ఒడ్డుకి వెళ్తే, ఒక్క మేకు కూడా లేకుండా కొబ్బరి నారతో కుట్టిన పడవల్ని చూసేవాణ్ణి. ఇప్పుడు అదే ఒడ్డున ఫైబర్ బోట్లు వరసగా ఉంటాయి. కుట్టు పడవ రూపం నా కళ్లలో చెరిగిపోకముందే చేతుల్లోకి తెచ్చుకోవాలనిపించింది. పదిహేనేళ్లుగా కిట్ల నుంచి యుద్ధనౌకలు కడుతున్నాను. అవి ఇంకొకరు కొలిచి ఇచ్చిన లెక్కలు. ఇది మాత్రం నేనే కొలుచుకోవాలి.

పాడైన సముద్రం

మొదటి ప్రయత్నం ఆగస్టులో. వీడియోల్లో చూసిన పద్ధతే: థర్మోకోల్‌తో సముద్రం అడుగు చెక్కి, నీలం ఆకుపచ్చ రంగులు వేసి, పైన ఎపాక్సీ రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) పోయడం. రెండు సెంటీమీటర్ల లోతు ఒకేసారి పోసేశాను. రెజిన్ గట్టిపడేటప్పుడు లోపల వేడి పుడుతుంది. మందం ఎక్కువైతే ఆ వేడి బయటికి పోదు. పోకపోతే ఇంకా వేగంగా గట్టిపడుతుంది, ఇంకా వేడెక్కుతుంది. అరగంట తిరిగేసరికి పలక అంచు మీద చెయ్యి పెట్టలేకపోయాను. కింద థర్మోకోల్ మెత్తబడి కుంగింది, దాంట్లోని గాలి బుడగలుగా పైకి లేచి అక్కడే బిగిసిపోయింది. దానికి తోడు విశాఖ వానాకాలపు తేమ. మర్నాడు చూస్తే పైన చెయ్యి పెడితే జిడ్డుగా తగిలే తెల్లటి పొర.

వీటన్నిటికీ మందు ఉంది. పలచగా, పొరలు పొరలుగా పోయాలి. పొడి రోజు చూసుకుని పోయాలి. థర్మోకోల్ మీద ముందే ఫెవికాల్ పూత వేసి సూక్ష్మ రంధ్రాలు మూసేయాలి. ఇవి తెలుసుకుని రెండోసారి పోసేవాణ్ణే. కానీ ఆ గట్టిపడిన సముద్రాన్ని కిటికీ దగ్గర పెట్టి ఒక పూటంతా చూస్తే అసలు తప్పు వేరే చోట ఉందనిపించింది. అది భీమిలి కాదు. అడుగున ఇసుక స్పష్టంగా కనిపించే పచ్చటి నీలం నీళ్లు ఏ పగడపు దీవిలోనో ఉంటాయి. మన ఒడ్డున కెరటం విరిగే చోట నీళ్లు ఇసుకని కలిపేసుకుని, పలచటి టీ రంగు కలిసిన బూడిద ఆకుపచ్చలో ఉంటాయి. పైగా నా ఐదు కెరటాలు దున్నిన చేలో చాళ్లలా ఒకదాని వెనక ఒకటి సమానంగా బారులు తీరాయి. మొత్తం పీకేశాను.

ఒడ్డున కొలతలు

జనవరిలో మూడు ఆదివారాలు పొద్దున్నే వెళ్లాను. పట్టుకెళ్లినవి టేపు, మేస్త్రీలు లెవెల్ చూసే నీళ్ల గొట్టం, రెండు కర్రలు, ఒక తెల్ల కాగితం, ఫోను.

మొదట ఒడ్డు వాలు. ఐదు మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి గొట్టంతో చూస్తే తేడా సుమారు అర మీటరు వచ్చింది. పదికి ఒకటి వాలు. ఈ ఒక్క అంకె మిగతా అన్నిటికీ తాళంచెవి.

తర్వాత కెరటాలు. ఒకటి విరిగినప్పటి నుంచి పది లెక్కపెడితే 84 సెకన్లు. అంటే ఒక్కోదానికి మధ్య ఎనిమిది సెకన్ల పైచిలుకు. లోతు తక్కువ ఉన్న నీళ్లలో కెరటం వేగం లోతు మీదే ఆధారపడుతుంది. ఒక మీటరు లోతులో సెకనుకి మూడు మీటర్ల చిల్లర. ఎనిమిది సెకన్లలో దాదాపు 26 మీటర్లు. అంటే ఒక కెరటం నెత్తి నుంచి దాని వెనకదాని నెత్తికి నా స్కేల్లో 50 సెంటీమీటర్ల పైనే. నా పలక మొత్తం వెడల్పే 50! అందులో సముద్రానికి ఇచ్చింది 22 సెంటీమీటర్లు. ఆ చోట్లో ఐదు కెరటాలు ఇరికించానంటే, నేను కట్టింది సముద్రం కాదు, గాలికి కదిలే చెరువు. చూసేవాడికి ఈ లెక్క తెలియకపోవచ్చు. కానీ కంటికి మాత్రం "ఇది చిన్న బొమ్మ" అని తెలిసిపోతుంది. నీటి దగ్గర స్కేలు చెడేది ఎక్కువగా ఇలాగే.

ఆ పొద్దున్న కెరటాల ఎత్తు, మోకాలు దాటి తొడ దాకా, 60 సెంటీమీటర్లు అనుకున్నాను. కెరటం తన ఎత్తుకి ఒకటింపావు రెట్లు, లేదా ఆ పైన మరికొంత లోతుకి వచ్చేసరికి విరుగుతుంది. అంటే ముప్పావు మీటరు లోతులో. పదికి ఒకటి వాలులో అది ఒడ్డుకి ఏడెనిమిది మీటర్ల దూరం. మోడల్లో 12 మిల్లీమీటర్ల ఎత్తు కెరటం, నీటి అంచుకి 15, 16 సెంటీమీటర్ల దూరంలో. ఎక్కడ పెట్టాలో ఇక నా ఇష్టం కాదు, వాలే చెప్పేసింది.

ఇక తడి ఇసుక. విశాఖ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. అమావాస్య, పౌర్ణమిలకి నీటిమట్టంలో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. పాటు మొదలయ్యాక మొదటి రెండు గంటల్లో మొత్తం తేడాలో నాలుగో వంతు దిగుతుందన్నది నావికుల పాత లెక్క. నాలుగో వంతు అంటే 37 సెంటీమీటర్లు, వాలు మీద దాదాపు నాలుగు మీటర్ల పట్టీ. నా పలక మీద ఏడున్నర సెంటీమీటర్ల తడి. మోడల్లో సమయాన్ని చెప్పేది ఆ పట్టీయే. అది లేకపోతే సముద్రం ఇప్పుడే ఎవరో తెచ్చి పెట్టినట్టు ఉంటుంది.

పలక, వాలు

పలక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. కింద చుట్టూ టేకు రీపర్ల ఫ్రేము, రెండు వైపులా వార్నిష్. ఒకవైపే వార్నిష్ వేస్తే ఫెవికాల్ నీళ్లకి పలక వంగుతుంది. మొదటి సముద్రం అంచు పగలడానికి అది కూడా ఒక కారణం.

కెరటం ముఖం ఒడ్డు వైపు ఉంటుంది. చూసేవాడు సముద్రం వైపు నుంచి చూస్తే దాని వీపే కనిపిస్తుంది. అందుకని నీటి అంచుని పలక అంచుకి 20 డిగ్రీలు ఏటవాలుగా తిప్పాను. ఎడమ మూల నుంచి చూస్తే కెరటం వంపు పక్క నుంచి కనిపిస్తుంది, దిబ్బల ముఖం కూడా కనిపిస్తుంది. ఒక్క గీత కూడా పలక అంచుకి సమాంతరంగా లేకపోవడం వల్ల, దృశ్యం ఇంకా పెద్దదాంట్లోంచి కోసి తెచ్చిన ముక్కలా ఉంది. ఒక కుదింపు మాత్రం చేశాను. నేను కట్టిన చోట నిజంలో దిబ్బల గట్టుకీ నీళ్లకీ మధ్య దూరం ఇంతకంటే బాగా ఎక్కువ. అంత దూరం పెడితే పలక మీద ఇసుక తప్ప ఏమీ మిగలదు.

ఎర్రమట్టి

ఎర్రమట్టి దిబ్బల్ని 2014లో భౌగోళిక వారసత్వ ప్రదేశంగా గుర్తించారు. సముద్రమట్టం, గాలి, వాన వేల ఏళ్లు కలిసి చేసిన పని అది. ఇసుక రేణువుల చుట్టూ ఇనుప ఆక్సైడు పొర పట్టడం వల్ల ఆ ఎరుపు. అక్కడి నుంచి గుప్పెడు మట్టి తెచ్చి వాడితే రంగు అచ్చంగా కుదురుతుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. తేలేదు. తేకూడదు. ఇప్పటికే ఆ దిబ్బలు చాలా కోల్పోయాయి. మోడళ్లు కట్టేవాళ్లం ఆ చోటుని ప్రేమించి వెళ్తాం కాబట్టి మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నీడలో తెల్ల కాగితం పక్కన పెట్టి ఫొటోలు తీసుకుని, ఇంట్లో ఆ కాగితం తెలుపుతో సరిచూసుకుంటూ రంగు కలిపాను. పాత ఇళ్ల గచ్చుకి వాడే రెడ్ ఆక్సైడ్ ఒక్కటే వేస్తే కుంకుమ నలుపులోకి పోతుంది. మూడు వంతుల రెడ్ ఆక్సైడ్‌కి ఒకటిన్నర వంతు ఎల్లో ఆక్సైడ్, చిటికెడు తెలుపు కలిస్తే సరిపోయింది.

గట్టు ఎత్తు 16 సెంటీమీటర్లు, నిజంలో ఎనిమిది మీటర్లు. దిబ్బల అందమంతా వాన చెక్కిన గాడుల్లో ఉంది. ముందు ఫోమ్‌ని కట్టర్‌తో చెక్కి చూశాను. ఎంత చెక్కినా దువ్వెన గీసినట్టు వచ్చింది, చేతికి దాని అలవాటు ఉంటుంది. అప్పుడు అనిపించింది: వాన చేసిన పని వానతోనే చేయిస్తే?

ఫోమ్ గట్టు మీద మూడు సెంటీమీటర్ల మందాన, సన్నగా జల్లించిన ఇసుక నాలుగు పాళ్లు, బంకమట్టి ఒక పాలు, రంగు కలిపి తడిగా మెత్తాను. జిగురు లేదు. మెడికల్ షాపులో కొన్న సెలైన్ సెట్టుకి నీళ్ల సీసా తగిలించి, చుక్కలు పడే వేగం తగ్గించి, గట్టు నెత్తిన వేలాడదీశాను. మొదటిసారి బంకమట్టి తక్కువై ముఖం మొత్తం జారి కిందపడింది. రెండోసారి నిలిచింది. చుక్క పడుతుంటే ముందు చిన్న గుంట, తర్వాత ఆ గుంట అంచు తెగి సన్నటి దారి, ఆ దారి పక్కనుంచి ఇంకో దారి వచ్చి కలవడం. పక్కన కుర్చీ వేసుకుని నాలుగు గంటలు చూశాను. ఒక చోట ఇసుకలో నాకు తెలియకుండా ఉండిపోయిన చిన్న రాయి ఉంది. నీళ్లు దాన్ని ఢీకొని, చుట్టూ తిరిగి, దాని వెనక ఒక మిద్దెలాంటి అరుగు వదిలి కిందికి దిగాయి. అలాంటి వంపు నేను ఊహించి చెక్కలేను. గాడులు మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు వచ్చాయి, నిజంలో జానెడు. వారం ఆరనిచ్చి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో నాలుగు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి, మంచులా స్ప్రే చేసి బిగించాను.

ఆ నీళ్లతో పాటు కిందికి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి, గట్టు అడుగున విసనకర్రలా పరుచుకుంది. గెడ్డ (వాగు) దిగే చోట నిజంగా అలాగే ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచాను. లేత ఇసుక మీద ఆ ఎర్రటి పరుపు ఈ మోడల్ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన చోటు.

ఇసుక ఇసుకలా ఉండాలంటే

ఇసుక వాడకూడదు. వినడానికి వింతగా ఉన్నా లెక్క ఇదీ: ఒడ్డు ఇసుక రేణువు పావు మిల్లీమీటరు. 1:50లో అది 12 మిల్లీమీటర్ల గులకరాయి. మొదటి పలక మీద సముద్రపు ఇసుకే చల్లాను. అది కంకర పరిచినట్టు కనిపించింది. పైగా దాంట్లోని ఉప్పు తేమని లాక్కుని ఫెవికాల్‌ని ఆరనివ్వలేదు, రెండు వారాలకి తెల్లగా పూసింది.

ఈసారి టైల్స్ సందుల్లో నింపే ఐవరీ రంగు గ్రౌట్, సన్నటి ముగ్గు పిండి సగం సగం కలిపి, పాత వాయిల్ చున్నీలో జల్లెడ పట్టాను. ఆరిన ఫెవికాల్ పూత మీద ఇంకో తడి పూత వేసి, పైనుంచి చున్నీలోంచే రాలనిచ్చాను. పిండిలా మెత్తగా, కంటికి రేణువు కనబడకుండా పడింది. భీమిలి ఒడ్డున నల్ల ఇసుక చారలుంటాయి, ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలవి. తేలిక ఇసుకని కెరటం వెనక్కి లాక్కుపోగా ఇవి గీతలుగా మిగులుతాయి. బొగ్గు పొడిని మెత్తటి బ్రష్‌తో, కెరటం పైకెక్కి ఆగిన వంపుల వెంబడి మాత్రమే తాకించాను. చార ఎక్కడపడితే అక్కడ ఉండదు. నీళ్లు ఎక్కడ ఆగాయో అక్కడే ఉంటుంది.

తడి పట్టీలో మూడు అంచెలున్నాయి. కెరటం ఇప్పుడే వెనక్కి పోయిన చోట ఆకాశం కనిపించే అద్దం. దానిపైన మెరుపు లేని ముదురు గోధుమ. ఆ పైన క్రమంగా పాలిపోయే రంగు. మొదటిదానికి బాగా మెరిసే గ్లాసీ వార్నిష్, రెండోదానికి మెరుపు తగ్గిన శాటిన్, మూడోదానికి అసలు మెరవని మ్యాట్. మధ్యలో గీత కనబడకుండా కలపడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఇంకొకటి: తడి ఇసుక మీద అడుగేస్తే పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లబడుతుంది. బరువుకి రేణువులు ఎడంగా జరిగి నీరు లోపలికి దిగుతుంది కాబట్టి. తాడు లాగేవాళ్లలో నలుగురు తడి మీద ఉన్నారు. వాళ్ల మడమల చుట్టూ మిల్లీమీటరు వెడల్పున లేత రంగు తాకించాను. ఎవరూ ప్రత్యేకంగా గమనించరు. అది లేనప్పుడు మాత్రం మనుషులు నేలకి అంటినట్టు లేరు.

కెరటం

మన నీళ్లు లోపలికి కనిపించవని తెలిశాక లోతు రెజిన్ అవసరమే పోయింది. సముద్రానికి టిష్యూ పేపరు, ఫెవికాల్ నీళ్లు. ఫోమ్ మీద పరిచి, తడిగా ఉండగానే బ్రష్ కొసతో ముడతలు తోసి ఆరనివ్వాలి. చిన్న చిన్న గాలి ముడతలు దాంట్లో వచ్చినంత సహజంగా ఇంకెందులోనూ రాలేదు.

రంగు ఐదు పూతలు. అవతలి అంచున నీలం కలిసిన ఆకుపచ్చ, ఇవతలికి వచ్చేకొద్దీ ఆకుపచ్చ తగ్గి బూడిద, విరిగే చోట ఇసుక రంగు. ఒక్క కెరటానికి మాత్రం వేరే పద్ధతి. పాలిథీన్ షీటు మీద పారదర్శకమైన యాక్రిలిక్ జెల్ రెండు మిల్లీమీటర్ల మందాన పరిచి, ఆరాక ఒలిచి, పెన్సిల్ మీదుగా వంచి నిలబెట్టాను. నెత్తిన వంగే చోట పలచగా ఉంచితే వెలుతురు దాంట్లోంచి ఆకుపచ్చగా వస్తుంది. సూర్యుడు సముద్రం మీద నుంచి లేస్తాడు కాబట్టి పొద్దున్న పూట మన కెరటాల్లో కనిపించే వెలుగు అది. సిలికాన్ సీలెంట్ వాడితే పని తేలిక, కానీ దాని మీద రంగు పట్టదు, రేకులుగా లేచిపోతుంది.

నురగ తెల్లగా వేయకూడదు. విరిగిన చోట మాత్రమే తెలుపు. అక్కడి నుంచి ఒడ్డు దాకా పరుచుకునే నురగ చిల్లులు పడ్డ జల్లెడలా ఉంటుంది, రంగు పాల మీగడలా. జెల్‌లో ముగ్గు పిండి కలిపి, టూత్‌పిక్‌తో చిల్లు చుట్టూ చిల్లు అల్లుకుంటూ వచ్చాను. రెజిన్ ఒక్క చోటే వాడాను, ఒడ్డెక్కే ఆఖరి పలచటి నీటి పొరకి, ఒకటి రెండు మిల్లీమీటర్లు.

పడవ

నిజం పడవ పలక మందం రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఉంటుంది. 1:50లో అర మిల్లీమీటరు. ఐస్‌క్రీమ్ పుల్లలు రెండు మిల్లీమీటర్లు, పనికిరావు. ప్లైవుడ్ షాపులో దొరికే టేకు వెనీర్ (పలచటి చెక్క పొర) సరిగ్గా అర మిల్లీమీటరు. దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, ఫోమ్ అచ్చు మీద వంచి, రబ్బరు బ్యాండ్లతో రెండు రోజులు కట్టి ఉంచాను.

ఈ పడవల్లో లోపల అడ్డ చట్రాలుండవు. పలకల్ని కొబ్బరి నారతో కుట్టి, సందు మీద లోపలివైపు నార ఒత్తుగా పెట్టి దాని మీదుగా కుట్లు దాటిస్తారు. మేకులు కొట్టిన పడవ కెరటంలోంచి వచ్చి ఇసుకకి దబ్బున తగిలితే పలక పగులుతుంది. కుట్టు పడవ వంగి ఓర్చుకుంటుంది. మద్రాసులో హార్బరు కట్టకముందు ఓడల్లోని మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చింది ఈ జాతి పడవలే. ఇంగ్లీషువాళ్లు మసులా బోటు అన్నది వీటినే.

కనబడే నాలుగు అతుకులు నిజంగానే కుట్టాను. ఒక్కో అతుక్కి 110 కుట్లు, మొత్తం 440. 0.3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్లు తొమ్మిది విరిగాయి. దారం టైలర్లు వాడే సన్నటిది, కాఫీ డికాక్షన్లో ముంచి ఆరబెట్టాను. లోపలి ఒత్తుకి దీపం ఒత్తి పీచునే విడదీసి పేనాను. కుట్టడం పూర్తయ్యాక అచ్చు తీసేస్తే, జిగురు ఇంకా పెట్టకముందే పడవ తన రూపంలో తాను నిలబడింది. రెండు వేళ్లతో నొక్కితే కొంచెం వంగి మళ్లీ వెనక్కి వచ్చింది. పుస్తకాల్లో చదివింది ఆ వేళ్లకి అప్పుడు తెలిసింది.

తాడిచెట్లు, వల, పీత కన్నాలు తొందరగానే అయిపోయాయి. తాటాకుకి క్రాఫ్ట్ పేపరు విసనకర్రలా మడిచి, కొబ్బరి ఈనె చీలికని కాడగా అంటించాను. వల పాత నైలాన్ సాక్సు. పీత కన్నం అంటే వేడి చేసిన సూది మొన.

మనుషులు, ఒక పెద్దాయన

మనుషులకి కరెంటు రాగి తీగతో ఎముక, ఎం-సీల్‌తో ఒళ్లు. భంగిమల కోసం మా గేటుకి తాడు కట్టి, మా అబ్బాయినీ వాడి స్నేహితుల్నీ లాగమని ఫొటోలు తీశాను. అలివి వల తాడు లాగేవాళ్లు వెనక్కి నడుస్తూ గట్టెక్కుతారు. ఆఖరివాడు చివరికి చేరాక తాడు వదిలేసి మళ్లీ నీళ్ల దగ్గరికి దిగి ముందు చేరతాడు. అందుకే నా తొమ్మిది మందిలో ఒకడు ఖాళీ చేతులతో సముద్రం వైపు నడుస్తున్నాడు.

అన్నీ అంటించే ముందు, చిన్నప్పటి నుంచి వల మీదే బతికిన ఒక పెద్దాయన్ని ఇంటికి పిలిచి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కళ్లజోడు సర్దుకుని పడవ కుట్లు చూశాడు. తర్వాత అన్నాడు:

"పడవ బాగుంది బాబూ. కానీ ముక్కు అలా అడ్డంగా ఎట్టీసినారేటి? ఒక్క కెరటం తగిల్తే బోర్లా పడిపోద్ది."

కుట్లు బాగా కనబడాలని పడవ పక్కని సముద్రానికి ఎదురుగా పెట్టాను, సగం నీళ్లలో. ఆయన చెప్పాక దాచడానికేం లేదు. "మరి ఎలా పెట్టమంటావు తాతా?" అన్నాను.

"ముక్కు సముద్రానికి ఉండాల. లేపోతే మొత్తం ఒడ్డుకి ఈడ్చీయాల." ఇంకాసేపు చూసి, తాడు మీద వేలు చూపించాడు. "నీల్లలోంచి వచ్చిన తాడు ఇంత పొడిగా ఉందేటి?"

పడవ అప్పటికి అంటించలేదు గానీ, దాని అడుగు చుట్టూ రెజిన్ పొర గట్టిపడి ఉంది. ఆ భాగం బ్లేడుతో కోసి తీసి, పడవని తిప్పి, వెనక భాగం ఇసుక మీద ఆనేలా, ముక్కు కెరటానికి ఎదురుగా పెట్టి మళ్లీ పోశాను. నీటి అంచు ఏటవాలుగా ఉండటం వల్ల ఎడమ మూల నుంచి కుట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. తాడుకి నీళ్ల నుంచి మూడో మనిషి దాకా ముదురు గోధుమ, పైన గ్లాసీ వార్నిష్. తాడు కింద ఇసుక మీద చుక్కల వరస. ఆ చుక్కలు నాకే తట్టాయి, కానీ ఆయన ఆ మాట అనకపోతే తట్టేవి కావు.

ఇప్పుడు ఎలా ఉంది

వెలుతురు సముద్రం వైపు నుంచే రావాలి. అద్దాల పెట్టెకి ముందు అంచున, కిందుగా, పసుపు తెలుపు ఎల్ఈడీ పట్టీ పెట్టాను. పైన లైటు వేస్తే గాడుల్లో నీడ పోయి గట్టు చదునైపోతుంది. పక్కనుంచి వేస్తే కెరటంలో ఆకుపచ్చ పోతుంది.

మొదటి వానాకాలం గడిచాక రెండోసారి పోసిన రెజిన్ ముక్క, పాత పొరతో కలిసే చోట నాలుగు సెంటీమీటర్ల మేర వెంట్రుక మందాన లేచింది. సన్నటి సూదితో జెల్ ఎక్కించి నొక్కాను, పైన నురగ గీత ఒకటి దిద్దాను. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు నెలలకోసారి మారుస్తున్నాను. తాడిచెట్టు ఒకదాని ఆకులు ఎండకి వెలిశాయి, వాటిని ఇంకా మార్చలేదు.

తర్వాతి పలక గోస్తనీ సముద్రంలో కలిసే చోటు. నది నీరు ఎదురొచ్చే దగ్గర కెరటాలు నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. మొన్న ఆదివారం అక్కడ నిలబడి పది లెక్కపెట్టాను. 71 సెకన్లు వచ్చింది. వాలు ఇంకా కొలవలేదు.